ఆర్కిటిక్ నీటిలో ఇనుము అంత ఎక్కువ, అంటార్కిటికా చుట్టూ అంత తక్కువ: ఎందుకు?

విశాఖ_తీరం

నమస్కారమండీ. విశాఖలో ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. ధ్రువ సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము, మాంగనీసు, జింకు కొలతలు ఇప్పటిదాకా అచ్చయినవన్నీ పోగేసి ఒక పట్టిక చేయమన్నారు మా గైడ్‌గారు. పట్టిక పెరుగుతున్నకొద్దీ నాకు అయోమయం పెరుగుతోంది.

ఆర్కిటిక్‌లో ధ్రువానికి దగ్గర్లో పైనీటిలో కరిగిన ఇనుము లీటరుకు 2 నానోమోల్‌లు దాటి కనిపిస్తోంది. దక్షిణ మహాసముద్రంలో తీరానికి దూరంగా వెళ్తే చాలాచోట్ల 0.1, మహా అయితే 0.2. రెండూ చల్లటి నీళ్ళే, రెండింటి మీదా మంచే. పైగా అంటార్కిటికా గ్లేసియర్లు రాళ్ళను గీరుకుంటూ సముద్రంలోకి దిగుతాయి. మరి ఇనుము అక్కడే ఎక్కువ ఉండాలి కదా?

ఇంకో సందేహం. మా లైబ్రరీలో ఉన్న ఒక పాత పుస్తకంలో సముద్రపు నీటిలో ఇనుము లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు అని ఉంది. కొత్త పేపర్లలో నానోగ్రాములు. దాదాపు వెయ్యి రెట్ల తేడా. పాతవాటిని ఏదైనా గుణకంతో సరిచేసి పట్టికలో ఉంచవచ్చా?

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.
స్రవంతి

కెవ్లార్_తాడు

స్రవంతీ, ముందు నీ రెండో ప్రశ్న. అది తేలకుండా మొదటిది మాట్లాడుకోలేం.

పాత సంఖ్యలు తీసెయ్యమ్మా. వాటిని సరిచేసే గుణకం ఏదీ లేదు. అప్పట్లో కొలిచిన దాంట్లో సముద్రపు ఇనుముతో పాటు ఓడ తుప్పు, ఉక్కు తాడు, సీసా మూత, గాలిలో దుమ్ము అన్నీ కలిసి ఉన్నాయి. ఏ ఓడలో ఏ రోజున ఎంత కలిసిందో చెప్పే ఆధారం లేదు, కాబట్టి తీసివేసే దారీ లేదు. 1970ల నడుమ దాకా వచ్చిన ట్రేస్ మెటల్ (నీటిలో లేశమాత్రంగా ఉండే లోహాల) కొలతల్లో చాలా భాగం ఇలాగే పక్కన పెట్టేశారు. ఇనుముకు నమ్మదగ్గ కొలతలు రావడానికి 1980లు పట్టింది.

మాది మచిలీపట్నం. ధ్రువాల వైపు వెళ్ళే పరిశోధన ఓడల మీద నీళ్ళు తోడే బృందాల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ, ఎందుకో చెప్తాను. లీటరుకు 0.1 నానోమోల్ ఇనుము అంటే 5.6 నానోగ్రాములు. మన దగ్గర గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆ ఒక్క మాత్రలో ఉన్నంత ఇనుము కావాలంటే దక్షిణ మహాసముద్రం పైనీళ్ళు కోటి లీటర్లకు పైగా తోడాలి. అంత కొద్ది ఇనుమును, వేల టన్నుల ఉక్కుతో కట్టిన ఓడ మీద నిలబడి కొలవాలి.

అందుకే అక్కడ పద్ధతంతా వేరు. మామూలు సీటీడీ చట్రం (లోతు, ఉప్పదనం, వేడి కొలిచే పరికరాన్నీ నీటి సీసాలనూ దింపే చట్రం) తుప్పు పట్టకుండా దానికి జింకు ముక్కలు బిగిస్తారు. మా పనికి టైటానియం చట్రం, జింకు ఊసే ఉండదు. ఉక్కు తాడు బదులు కెవ్లార్ తాడు. సీసాల లోపలంతా టెఫ్లాన్ పూత. ఓడ చుట్టూ పైనీరు ఓడ మురికితోనే ఉంటుంది గనక సీసాలు మూతలు బిగించుకుని దిగుతాయి, కొంత లోతుకు వెళ్ళాకే తెరుచుకుంటాయి. పైకి రాగానే నేరుగా వడగట్టిన గాలి నింపిన కంటైనర్‌లోకి. అక్కడ 0.2 మైక్రాన్ వడపోత, తర్వాత యాసిడ్. నీరు పట్టే పాలిథీన్ సీసాలు ఓడ బయలుదేరడానికి ఎంతో ముందే డిటర్జెంటులోనూ యాసిడ్‌లోనూ వారాల తరబడి నానినవై ఉంటాయి. పౌడరు గ్లౌజులు లోపలికి రానివ్వం. మంచు మీద ఎండ మొహం మాడ్చేస్తుంది, అయినా ఆ కంటైనర్లోకి వెళ్ళేవాళ్ళు సన్‌స్క్రీన్ రాసుకోరు. అందులో జింక్ ఆక్సైడ్ ఉంటుంది.

ఈ శుభ్రత లోకానికి నేర్పిన మనిషి అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చింది ఆయనే. ఆ పనిలో సీసం కొలుస్తూ, తన ల్యాబులో గాలి, గాజు, యాసిడ్ అన్నింట్లోనూ సీసం ఉందని పట్టుకున్నాడు. గ్రీన్‌లాండ్ మంచులో సీసం ఎలా పెరుగుతూ వచ్చిందో 1969లో బయటపెట్టగలిగాడంటే ముందు తన చేతులు శుభ్రం చేసుకున్నాడు కాబట్టే. నీ పట్టికలో ప్రతి వరసకూ "ఎలా తోడారు" అని ఒక గడి పెట్టుకో. అది ఖాళీగా ఉంటే ఆ సంఖ్యను నమ్మకు.

ఇక మొదటి ప్రశ్న. మ్యాపు ముందు పెట్టుకో. ఆర్కిటిక్ నేల మధ్య చిక్కుకున్న సముద్రం. ప్రపంచ సముద్రాల నీటిలో దాని వాటా 1 శాతం, కానీ నదులన్నీ కలిసి సముద్రంలో పోసే నీటిలో దాదాపు 11 శాతం దానిలోకే వెళ్తుంది. దాని విస్తీర్ణంలో సగానికి సగం లోతు తక్కువ ఉన్న ఖండపు అంచులే. లీనా, యెనిసే, ఓబ్ నదులు సైబీరియా చిత్తడి నేలల మీదుగా, ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలల మీదుగా వస్తాయి. కుళ్ళిన ఆకులలముల నుంచి వచ్చిన కర్బన పదార్థంతో ఆ నీరు గోధుమరంగులో ఉంటుంది. కీలకం అక్కడుంది.

మామూలుగా నదిలో వచ్చే ఇనుములో చాలా భాగం ఉప్పునీరు తగలగానే ముద్దకట్టి, నది సముద్రంలో కలిసే మొగలోనే దిగిపోతుంది. మన గోదావరి అయినా అంతే, లీనా అయినా అంతే. ఆక్సిజన్ ఉన్న, పీహెచ్ 8 దగ్గర ఉన్న సముద్రపు నీటిలో ఇనుము తనంతట తాను దాదాపు కరగదు. కరిగి ఉన్నట్టు కనిపించే దాంట్లో 99 శాతానికి పైగా ఏదో ఒక కర్బన అణువును పట్టుకుని ఉన్నదే. ఆ అణువులను లైగాండ్లు అంటాం. సైబీరియా నదులు ఇనుమునీ తెస్తాయి, దాన్ని పట్టి ఉంచే హ్యూమిక్ పదార్థాలనూ (ఆ కుళ్ళిన ఆకుల కర్బనాన్నే) తెస్తాయి. అందుకని మొగ దగ్గర దిగిపోగా మిగిలింది చాలా దూరం వెళ్ళగలదు.

ఆ దూరం తీసుకెళ్ళేది ట్రాన్స్‌పోలార్ డ్రిఫ్ట్. సైబీరియా అంచు నుంచి ధ్రువం మీదుగా గ్రీన్‌లాండ్‌కూ స్వాల్బార్డ్‌కూ మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధి వైపు సాగే ప్రవాహం అది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో తన ఫ్రామ్ ఓడను కావాలనే మంచులో ఇరికిస్తే, ఆ ఓడ 1896లో అటువైపు బయటపడిందే, అదే దారి. నువ్వు చూసిన 2 నానోమోల్‌లు ఈ ప్రవాహం లోపలివే అయ్యుంటాయి. ఇనుముతో పాటు అక్కడ కోబాల్టు, రాగి, నికెలు, మాంగనీసు కూడా పెరిగి కనిపిస్తాయి. 2015లో అమెరికా ఓడ హీలీ, జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ రెండూ జియోట్రేసెస్ (సముద్రాల్లో లేశ లోహాలను కొలిచే అంతర్జాతీయ కార్యక్రమం) కింద అక్కడ నీళ్ళు తోడాయి. నాకు బాగా నచ్చిన ఆధారం మాత్రం రేడియం-228. అది ఖండపు అంచుల మడ్డి నుంచి నీటిలోకి వస్తుంది, 5.75 ఏళ్ళకు సగమవుతుంది. కాబట్టి ఈ నీరు అంచును ఎప్పుడు వదిలిందో అది చెప్తుంది. 2007తో పోలిస్తే 2015లో ధ్రువం దగ్గర పైనీటిలో అది సుమారు రెట్టింపు ఉంది. అంచుల నుంచి వచ్చే సరుకు పెరుగుతోందన్నమాట.

ఒక జాగ్రత్త. ఆ ప్రవాహం బయట, అట్లాంటిక్ నీరు లోపలికొచ్చే నాన్సెన్ బేసిన్‌లో, ఇనుము చాలక నీటిలో తేలే సూక్ష్మ మొక్కల పెరుగుదల ఆగే సూచనలు కూడా దొరికాయి. "ఆర్కిటిక్" అని ఒకే సగటు వేశావంటే ఆ తేడా పోతుంది.

అంటార్కిటికా సంగతి తిరగేసి చూడు. అక్కడ నేల మధ్యలో, చుట్టూ సముద్రం. చెప్పుకోదగ్గ నది లేదు. నేలలో దాదాపు 98 శాతం మంచు కింద ఉంది గనక దుమ్ము లేవదు. దక్షిణ అమెరికా కొసన ఉన్న పెటగోనియా నుంచి గాలి తెచ్చే దుమ్ము కొద్దిగా ఉంటుంది, అంతే. పైనీటికి ఇనుము అందించే పెద్ద దారి లోతు నీరు పైకి రావడం. చిక్కు ఏమిటంటే ఆ లోతు నీటిలో నైట్రేట్ లీటరుకు 30 మైక్రోమోల్‌ల పైన ఉంటే ఇనుము 0.4, 0.5 నానోమోల్. పైకి వచ్చేటప్పటికే ఆ జోడీలో ఇనుము తక్కువ. డయాటమ్‌లు (సిలికా పెంకు కట్టుకునే సూక్ష్మ మొక్కలు) ఆ ఉన్న కాస్త ఇనుమునూ వాడేసుకుంటాయి, నైట్రేట్ వాడుకోకుండా మిగిలిపోతుంది. ఎండాకాలం చివర్లో కూడా అక్కడి నీటిలో అంత నైట్రేట్ మిగిలి ఉండడానికి ఇనుము కొరతే కారణమని అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1980ల చివర్లోనే అన్నాడు.

గ్లేసియర్ల మాట. అవి తెచ్చే ఇనుము తక్కువేం కాదు. కానీ చాలా భాగం రాతి పిండి రూపంలో వస్తుంది, తీరం దగ్గరే దిగిపోతుంది. దిగుతూ నీటిలో కరిగినదాన్ని కూడా అంటించుకుని పోతుంది. ఒడ్డు నుంచి కొన్ని వందల కిలోమీటర్లు వెళ్తే ఇక కనపడదు. పట్టి ఉంచే లైగాండ్లు అక్కడ కొద్దిగానే ఉన్నాయి. అందుకే ఎంత వచ్చిందన్న ప్రశ్న కన్నా వచ్చింది నీటిలో ఎలా నిలిచింది, ఏ ప్రవాహం దాన్ని ఎత్తుకుపోయింది అన్నవి నాకు ముఖ్యం. పేపర్లలో వనరుల పేర్లు వరసగా చదివి జనం అక్కడితో ఆగిపోతారు, నువ్వు ఆగకు.

తీరం దగ్గర మాత్రం కథ వేరు. అముండ్సెన్ సముద్రంలో పైన్ ఐలాండ్ గ్లేసియర్ ముందున్న పాలినియాలో (చుట్టూ మంచు ఉన్నా తెరిచి ఉండే నీటిలో) ఏటా పచ్చగా డయాటమ్‌లూ ఇతర మొక్కలూ విరగబూస్తాయి. వెచ్చటి లోతు నీరు మంచు అరుగు (నేల నుంచి సముద్రం మీదకు చాచుకున్న గ్లేసియర్ భాగం) కిందకు దూరి కరిగిస్తుంది. కరిగిన నీరు తేలికగా ఉండి పైకి లేస్తూ అడుగు మడ్డి ఇనుమును కూడా వెంట తెస్తుంది. ప్రిడ్జ్ బేలో ఏమెరీ మంచు అరుగు కింద గడ్డకట్టిన సముద్రపు మంచులోనూ ఇనుము బాగా ఉంది. మన భారతి స్టేషన్ లార్సెమన్ కొండల్లో, ఆ ప్రిడ్జ్ బే ఒడ్డునే ఉంది, కాబట్టి మన పిల్లలు పనిచేయగల చోటది. ఇక సముద్రం మీద గడ్డకట్టే మంచులో ఇనుము కింది నీటికన్నా పది నుంచి వంద రెట్లు దాకా పోగవుతుంది. వసంతంలో కరిగేటప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. హిందూ మహాసముద్రపు దక్షిణాన నీటి అడుగున ఉన్న కెర్గ్యులెన్ పీఠభూమి దగ్గర అడుగు నుంచే ఇనుము పైకొచ్చి సహజంగా పచ్చబడుతుందని 2005లో కీయాప్స్ అనే పరిశోధన ప్రయాణం చూపింది.

ఐసీపీ_రాత్రి_డ్యూటీ

పైన చెప్పిన దాంట్లో తోడే సంగతి అంతా వచ్చింది, కొలిచే సంగతి నేను కలుపుతాను. హైదరాబాద్‌లో ఐసీపీ-ఎంఎస్ (మూలకాలను ప్లాస్మాలో అయాన్లుగా మార్చి బరువును బట్టి లెక్కపెట్టే యంత్రం) మీద పనిచేస్తాను.

లీటరు సముద్రపు నీటిలో ఉప్పు 35 గ్రాములు, ఇనుము 5.6 నానోగ్రాములు. అంటే ఇనుముకు 600 కోట్ల రెట్లు ఉప్పు. ఆ నీటిని నేరుగా యంత్రంలోకి పంపితే ఉప్పు యంత్రపు మూతి దగ్గరి కోన్‌ల మీద పేరుకుంటుంది, సిగ్నల్ పడిపోతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ప్లాస్మా ఆర్గాన్‌తో నడుస్తుంది. ఆర్గాన్-40, ఆక్సిజన్-16 కలిస్తే బరువు 56. ఇనుములో మనం కొలవాలనుకునే ప్రధాన ఐసోటోపు బరువు కూడా 56. యంత్రం రెండింటినీ విడదీయలేకపోతే లేని ఇనుము కనిపిస్తుంది.

అందుకే ముందు లోహాలను పట్టి సోడియం, క్లోరైడ్‌లను వదిలేసే రెజిన్ గొట్టంలోంచి నీటిని పంపి, పట్టుకున్న లోహాలను కొద్దిపాటి యాసిడ్‌తో దించి, అప్పుడు కొలుస్తారు. 56 గొడవకు హై రిజల్యూషన్ యంత్రమో, అడ్డొచ్చే అణువులను తొలగించే కొలిజన్ సెల్లో వాడతారు. ఓడ మీదే కొలవాలంటే లూమినాల్‌తో కాంతి పుట్టించే ఫ్లో ఇంజెక్షన్ పద్ధతి ఉంది.

స్రవంతిగారూ, మీ పట్టికలో ఇంకో గడి పెట్టండి: ప్రామాణిక నీటి (అన్ని ల్యాబులూ కొలిచి సరిపోల్చుకునే నీటి) విలువ ఇచ్చారా లేదా. 2004లో ఉత్తర పసిఫిక్‌లో తోడిన, సేఫ్ అని పేరున్న అలాంటి నీళ్ళు ప్రపంచంలో చాలా ల్యాబుల్లో ఉన్నాయి. పైనీటి సీసా విలువ ఇనుముకు సుమారు 0.09 నానోమోల్, లోతు నీటి సీసా విలువ సుమారు 0.93. తమ ల్యాబు ఆ రెండూ సరిగ్గా కొట్టిందని చెప్పుకోని పేపరు 0.1 అని రాస్తే నేనైతే ఆగి ఆలోచిస్తాను. ఆ 0.1లో ఖాళీ సీసా నుంచి వచ్చిందెంతో ముందు చూస్తాను.

గోదారి_గట్టు

నేను సైన్సు మాస్టారిని, ఈ రంగం నాది కాదు. చదువుతుంటే ఒక ప్రశ్న వచ్చింది. ఇనుము లేకే మొక్కలు పెరగడం లేదంటే ఓడల్లో ఇనుము తీసుకెళ్ళి చల్లితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది కదా? మా పిల్లలు కూడా ఇదే అడుగుతారు, ఏం చెప్పాలి?

కెవ్లార్_తాడు

మాస్టారూ, చల్లి చూశారు. 1993 నుంచి 2009 దాకా డజనుకు పైగా ప్రయోగాలు జరిగాయి. ఇనుము పడగానే నీరు పచ్చబడడం దాదాపు ప్రతిసారీ నిజమైంది. 1999లో సోయిరీ అనే ప్రయోగంలో దక్షిణ మహాసముద్రంలోనే అది రుజువైంది. కానీ పచ్చబడడం ఒకటి, ఆ కర్బనం కిలోమీటరు లోతు దాటి అడుక్కు చేరడం ఇంకొకటి.

మన దేశం పాలుపంచుకున్న ప్రయోగమే తీసుకోండి. లోహాఫెక్స్, 2009. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడ మీద చేశాయి. వజీహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ నడిపించారు. దక్షిణ అట్లాంటిక్‌లో ఒక సుడి లోపల 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. పచ్చదనం వచ్చింది. కానీ ఆ నీటిలో సిలికా తక్కువ, కాబట్టి గట్టి పెంకు కట్టుకుని బరువుగా దిగిపోయే డయాటమ్‌లు పెరగలేదు. చిన్నచిన్న ఇతర మొక్కలు పెరిగాయి, వాటిని కోపిపాడ్‌లనే చిన్న జలచరాలు మేసేశాయి. అడుక్కు దిగింది బహు తక్కువ. 2004లో జరిగిన ఐఫెక్స్ ప్రయోగంలో మాత్రం డయాటమ్‌లే పెరిగి, అందులో సగమైనా వెయ్యి మీటర్ల కిందికి దిగాయి. అదే ఇనుము, రెండు ఫలితాలు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అక్కడ వాడుకోకుండా మిగిలిన నైట్రేటు, ఫాస్ఫేటు వృథాగా పోవడం లేదు. ఆ నీరే ఉత్తరానికి సాగి మిగతా సముద్రాల చేపల మేతకు ఆధారమవుతుంది. అక్కడ ఖర్చు పెట్టిస్తే ఇక్కడ తగ్గుతుంది. పరిశోధన కోసం కొద్దిమేర చల్లడాన్ని నేను సమర్థిస్తాను. కార్బన్ క్రెడిట్ల వ్యాపారం కోసం చల్లడాన్ని ఒప్పుకోను.

పిల్లలకు తిమింగలాల సంగతి చెప్పండి. రొయ్యల్లాంటి క్రిల్‌ను తినే తిమింగలాల మలంలో ఇనుము అక్కడి సముద్రపు నీటికన్నా కోటి రెట్ల స్థాయిలో ఉంటుందని 2010లో కొలిచారు. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో 20 లక్షలకు పైగా తిమింగలాలను చంపేశారు. ఉన్న కాస్త ఇనుమునూ పైనీటిలో తిప్పుతూ ఉంచే జీవులను తీసేసి, ఇప్పుడు ఓడల్లో ఇనుము తీసుకెళ్దామంటున్నాం. నాకు దాని మీద బాధ ఉంది, దాచుకోను.

విశాఖ_తీరం

అందరికీ చాలా చాలా థాంక్సండీ. పాత వరసలన్నీ తీసేశాను, రెండు కొత్త గడులు పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. దక్షిణ మహాసముద్రంలో లోతుతో పాటు జింకు ఎలా మారుతుందో గీసి చూస్తే అచ్చం సిలికా గీత లాగే వస్తోంది. డయాటమ్ పెంకులో జింకు ఉంటుందా? ఆర్కిటిక్‌లో మాత్రం అలా రావడం లేదు. మాంగనీసు ఈ రెంటికీ కాకుండా ఇంకోలా ఉంది.

కెవ్లార్_తాడు

పెంకులో జింకు చాలా కొద్ది. ఎక్కువ భాగం కణం లోపలి మెత్తటి పదార్థంలో, ఫాస్ఫేటుతో పాటే ఉంటుంది. గీతలు ఒకేలా రావడానికి కారణం నీటి దారి. దక్షిణ మహాసముద్రం డయాటమ్‌లు జింకునూ ఎక్కువ తింటాయి, సిలికానూ ఎక్కువ తింటాయి. ఆ నీరు పోలార్ ఫ్రంట్ (అంటార్కిటికా చల్లటి నీటికి ఉత్తరపు హద్దు) దాటి ఉత్తరానికి వెళ్ళేలోపే రెండూ ఖాళీ అవుతాయి. లోతు నీటిలో మాత్రం రెండూ మిగిలి ఉంటాయి. అందుకే మిగతా ప్రపంచమంతా ఆ రెండు గీతలూ జంటగా కనిపిస్తాయి. కాడ్మియం, ఫాస్ఫేటు జంట కూడా చూడు.

ఆర్కిటిక్‌లో బేరింగ్ జలసంధి నుంచి వచ్చే పసిఫిక్ నీరు చుక్చీ అంచు మీదుగా సాగుతూ అక్కడి మడ్డి నుంచి జింకు తీసుకుంటుంది. తర్వాత పైపొర కింద, హాలోక్లైన్‌లో (లోతుతో ఉప్పదనం చప్పున పెరిగే పొరలో) దూరుతుంది. అందుకే పశ్చిమ ఆర్కిటిక్‌లో జింకు గరిష్ఠం అడుగున కాక వంద, రెండు వందల మీటర్ల దగ్గర వస్తుంది. నీ పట్టికలో స్టేషన్ పక్కన లవణీయత కూడా ఉంటే ఆ పొర వెంటనే దొరుకుతుంది.

మాంగనీసుకు ఎండ సాయం. పైనీటిలో వెలుతురు దాన్ని కరిగిన రూపంలో ఉంచుతుంది, కింద బ్యాక్టీరియా ఆక్సైడుగా మార్చి దింపేస్తాయి. నదులున్న ఆర్కిటిక్‌లో పైన ఎక్కువ. దక్షిణాన లోతు నీటిలోనే తక్కువ గనక అది పైకొచ్చినా తెచ్చేదేమీ ఉండదు. డ్రేక్ జలసంధిలో ఇనుముతో పాటు మాంగనీసు కూడా చాలక మొక్కలు ఆగిపోతున్నాయని 2021లో ప్రయోగం చేసి చూపారు. గీతలో మొన లేచినట్టు లోతులో ఒక్కచోట మాంగనీసు, ఇనుము రెండూ పెరిగి కనిపిస్తే అది సముద్రగర్భపు వేడినీటి బుగ్గల పని కావచ్చు. బూవే దీవి దగ్గర, ఆర్కిటిక్‌లో గక్కెల్ శిఖరశ్రేణి దగ్గర అలాంటివి ఉన్నాయి. వాటిని తప్పు కొలతలని కొట్టేయకు. పక్క స్టేషన్లో అదే లోతున ఉందేమో చూసి నిర్ణయించు.

జియోట్రేసెస్ డేటా ఉచితంగా దొరుకుతుంది, ప్రతి సంఖ్య పక్కన నాణ్యత గుర్తు ఉంటుంది. పేపర్ల నుంచి చేత్తో ఎక్కించే బదులు అక్కడి నుంచి దించుకో, ఆ గుర్తుల గడిని మాత్రం తీసేయకు.